కొట్టేసిన మాట

చెయ్యి కదపకూడదు. గంటసేపు. కదపకూడదు అన్నారంటే కదిపే శక్తి ఆ చేతికింకా ఉందని నమ్ముతున్నట్టే కదా, ఆ మాట ఒక్కటే బాగుంది నాకు. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద నా కుడిచెయ్యి, అరచెయ్యి పైకి, మోచేతి దగ్గర ఒక పట్టీ, వేళ్ళ దగ్గర ఒక పట్టీ. కిటికీలకి నల్లగుడ్డలు కట్టేశారు. బయట జూన్ నెల ఎండ, పదకొండన్నా కాలేదు, వాన ఇంకా రాయపూర్ దాకా రాలేదు. గదిలో మాత్రం మూలన ఒక ఎర్రబల్బు, దాని కింద అందరి మొహాలూ పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళ మొహాల్లా ఉన్నాయి. రాజశ్రీ చిన్న గాజుకుప్పెలోంచి చేతి మీద ఏదో పోసింది. మోచేతి కింద చల్లగా తగిలింది, ఆ చల్లదనం మెల్లగా మణికట్టు దాకా నడిచి వచ్చింది, వచ్చి ఆగిపోయింది, రోడ్డు వేస్తూ వేస్తూ మధ్యలో పని వదిలేసి పోయిన చోటులాగ. అరచేతి మీద కూడా పోస్తోంది, కంటికి కనపడుతోంది, ఎవరి అరచేతి మీదో పోస్తుంటే చూస్తున్నట్టుంది. ఆఖరికి ఒక చుక్క చిటికెనవేలి అంచు మీదుగా జారినప్పుడు ఉలిక్కిపడ్డాను. ఆ అంచు ఒక్కటే ఇంకా నాది.

"అమ్మమ్మా, హిలాయించకండి," అంది రాజశ్రీ.

భిలాయి పిల్ల. తండ్రి ఉక్కు కర్మాగారంలో చేసి రిటైరయ్యాడు, వాళ్ళది అనకాపల్లి వైపు, ఆ పిల్ల అనకాపల్లి చూసింది మాత్రం రెండుసార్లేనట. తెలుగు మాట్లాడుతుంటే బియ్యంలో వడ్లగింజల్లా హిందీ తగులుతూ ఉంటుంది. పెద్దాసుపత్రి వెనకనున్న ఈ పరిశోధన గదిలో నాలుగేళ్ళుగా ఆమె పని ఈ నీళ్ళతోనే. పలచటి బెల్లంపానకంలా ఉండే ఈ నీళ్ళలో కంటికి ఆనని పూసలున్నాయని చెప్పింది. చీకట్లో దేని మానాన అది ఉంటుంది, వెలుగు పడిన చోట ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులవుతాయి, ఆ గొలుసుల గుండా కరెంటు నడుస్తుంది. దాన్ని పాలిమర్ అంటారంది. ముందు నా చేతికి కరెంటు తీగల బిళ్ళలు అతికించి చూశారు, పీకితే బిళ్ళతోపాటు చర్మం కూడా వచ్చింది, ముసలిచర్మం, ఉల్లిపొర. అందుకని బిళ్ళ లేకుండా చర్మం మీదే వెలుగుతో తీగ రాస్తారట. రాస్తారట, అవును, ఆ మాటే అంది. రాజశ్రీ ఒక పలచటి రేకు తెచ్చింది, దానికి సన్నటి గీతలూ గుండ్రటి కన్నాలూ కత్తిరించి ఉన్నాయి, అది నా చేతి మీదికి కాస్త ఎత్తులో బిగించి పైనుంచి ఆకుపచ్చ దీపం వెలిగించింది. రేకులోంచి గీతలు గీతలుగా వెలుగు నా చేతి మీద పడింది. అచ్చు రేకు. రేకు పెట్టి రంగు కొట్టడం. ఇలాంటి రేకుల మధ్యనే కదా నేను కాపురం చేశాను.

మా ఆయన పున్నయ్య రైల్వే వ్యాగన్ల మరమ్మతు వర్క్‌షాపులో పెయింటరు. మరమ్మతయిన ప్రతి వ్యాగనుకీ నంబరూ, బరువూ, ఏ స్టేషనుకి తిరిగి చేరాలో ఆ పేరూ రాసి పంపాలి. అచ్చు రేకు ఆనించి తెల్లరంగు కొట్టడం ఆయన పని, రేకు లేకపోతే చేత్తోనే రాసేవాడు, రేకు పెట్టి కొట్టినదానికీ చేత్తో రాసినదానికీ తేడా తెలిసేది కాదని సూపర్‌వైజరు చెప్పుకునేవాడు. సాయంత్రం ఇంటికొస్తే గోళ్ళలో తెలుపు, చెవి వెనక తెలుపు, టర్పెంటైను వాసన. మొదట్లో ఆ వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆ వాసన రాకపోతే తలుపు వైపు చూసేదాన్ని. నేను పలాస దగ్గరి పల్లె నుంచి పదహారేళ్ళకి వచ్చాను, ఆయన ఇక్కడే పుట్టాడు, వాళ్ళ నాన్న కూడా రైల్వే గ్యాంగులో చేసినవాడే. నాకు ఒక్క అక్షరం రాదు. ఆయన లోకంలో ఉన్న వ్యాగన్లన్నిటి మీదా రాస్తాడు, ఆయన రాసినవి గుజరాత్ దాకా, అస్సాం దాకా పోతాయి. అంటే ఆయనకి అక్షరాలన్నీ వచ్చు అనుకున్నాను. అక్షరం రానివాళ్ళకి అక్షరాలన్నీ ఒకే ఊరివి. మా నాన్న ఉత్తరం రాస్తే ఈయన దాన్ని తీసుకుని పక్క క్వార్టరులో ఉండే బుకింగ్ క్లర్కు దగ్గరికి పోయేవాడు, ఆయన చదువుతుంటే ఇద్దరం వినేవాళ్ళం. రోజంతా రాసి రాసి కళ్ళు అలిసిపోయి ఉంటాయి, అందుకే వాళ్ళచేత చదివిస్తాడు అనుకున్నాను. అలాగే అనుకుంటూ వచ్చాను. ఆయనెప్పుడూ కాదనలేదు, అవుననలేదు. తక్కువ మాటల మనిషి.

వెలుగు పడిన చోట ఏమీ తెలియదు, వేడి కూడా లేదు. చూస్తూ ఉంటే మాత్రం పానకం రంగు గీతల దగ్గర ముదురుతోంది. ఇంకా నీలం కాలేదు, నీలమవుతుందని రాజశ్రీ చెప్పింది.

పొద్దున్న టీ తాగాక, సైరను మోగేలోపు, ఆయన నా కుడిచెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని అరచేతిలో చూపుడువేలితో రాసేవాడు. పక్కపక్కన గడప మీద కూర్చునేవాళ్ళం. ఏ రోజైనా అదే మాట. అక్షరాలు రాకపోయినా అదే అని నాకు తెలుసు, ఎందుకంటే చెయ్యి ఎక్కడ గిలిగింత పెడుతుందో, ఎక్కడ గోరు కాస్త లోపలికి దిగుతుందో, ఎక్కడ వేలు ఎత్తి మళ్ళీ పెడతాడో, అన్నీ పాటలో చరణాల్లా వరసగా వచ్చేవి. నిలువుగా కర్రల్లాంటివి దిగేవి రెండు, నాడి కొట్టే వైపుకి. ఏదో వంపు, ఏదో చిన్న సున్నా. "ఏటి రాసినావు?" అని అడిగితే "పఢాయీ చేసి నువ్వే చదువుకో," అని లేచిపోయేవాడు. లేచేముందు మాత్రం, రాసిందంతా అయిపోయాక, చిటికెనవేలి అంచు దగ్గర వేలు ఆనించి బొటనవేలి దాకా ఒక అడ్డగీత లాగేవాడు. గట్టిగా, ఒక్కటే గీత. రాసినదాన్ని కొట్టేసినట్టు. పచారీ కొట్టు కోమటి చీటీ మీద ఇచ్చేసిన సరుకుని అలాగే కొట్టేసేవాడు, రేషన్ బాబు చచ్చిపోయినవాళ్ళ పేరుని అలాగే కొట్టేసేవాడు. అక్షరాలు రాకపోయినా ఆ గీత అర్థం నాకు తెలుసు అనుకున్నాను. లోకంలో నేను చదవగలిగింది ఆ ఒక్కటే అనుకున్నాను.

ఆయన అలా రాయడం మొదలుపెట్టింది పాప పోయిన మరుసటేడు. తొమ్మిది రోజులు ఉంది పాప. పేరు పెట్టలేదు, ఇరవయ్యొకటో రోజున పెట్టాలనుకున్నాం. ఏ పేరు అనుకున్నాడో ఆయన నాతో చెప్పలేదు, ముందే పైకి అంటే దిష్టి తగులుతుందన్నాడు. తర్వాత మాకు పిల్లలు లేరు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు, డ్యూటీ ఉన్న ప్రతి పొద్దునా, ఒక మాట రాసి కొట్టేయడం. అది పాప పేరు కాక మరేమవుతుంది అనుకున్నాను. ఆ పిల్లని రోజూ పిలిచి రోజూ పంపించేస్తున్నాడు అనుకున్నాను. అందుకే గట్టిగా అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం. ఆ గీత లాగేటప్పుడు ఒక్కోసారి నా చెయ్యి దానంతటదే ముడుచుకోబోయేది, ఆయన వేళ్ళతో మెత్తగా విప్పి పూర్తి చేసేవాడు. ఒకసారి నాకు కోపం వచ్చింది, అంత కొట్టేసేవాడివి ఎందుకు రాయడం అనబోయాను, సైరను మోగింది. ఆ సైరను మోగకపోతే. ఎన్నిసార్లు అనుకున్నానో, ఆ ఒక్క పొద్దున సైరను రెండు నిమిషాలు ఆలస్యంగా మోగి ఉంటే.

రిటైరవడానికి రెండేళ్ళుందనగా వర్క్‌షాపులోనే నిచ్చెన మీద కూర్చుని ఉండగా పోయాడు, గుండె. ఇంటికి తెచ్చాక ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను, చూపుడువేలి చివర తెల్లరంగు ఆరి ఉంది. ఆ వేలు నా అరచేతిలో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఆడవాళ్ళు నన్ను లేవదీశారు. క్వార్టరు ఖాళీ చేశాను. తర్వాత ఆరేడేళ్ళు ఏం చేశానో గుర్తులేదు, వండుకున్నాను, తిన్నాను. అప్పుడు భ్రమరాంబగారు వచ్చారు. రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, తెలుగు సంఘం గదిలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి చదువు చెబుతానంటూ ఇంటింటికీ తిరిగారు. అందరం నవ్వాం. యాభై తొమ్మిదేళ్ళకి నాకేం చదువండీ అన్నాను. అన్నానే గాని ఆ మధ్యాహ్నమే పోయాను. ఎందుకు పోయానో ఆవిడకి చెప్పలేదు. పఢాయీ చేసి నువ్వే చదువుకో అన్నాడు కదా.

భ్రమరాంబగారు పట్టు పట్టే మనిషి. తలకట్టు లేని అక్షరం తల లేని మొండెమని, పెట్టకపోతే మళ్ళీ రాయించేవారు. ఏడాదికి గుణింతాలు, ఏడాదిన్నరకి మాటలు. మొదటిసారి ఒక మందుసీసా మీద తెలుగులో "కుదిపి వాడవలెను" అని చదివినప్పుడు, నాతో ఎవరో మాట్లాడినట్టు వెనక్కి తిరిగి చూశాను. క్లాసు అయ్యాక ఇంటికొచ్చి, గడియ వేసుకుని, గోడకి ఆనుకుని కూర్చుని ఎడమచేతి చూపుడువేలితో కుడి అరచేతిలో రాసుకునేదాన్ని. ఆడపిల్లల పేర్లు. సుభద్ర, త్రివేణి, భాగ్యశ్రీ, రాజశ్రీ కూడా రాశాను, అప్పటికి ఈ పిల్ల నాకు తెలియదు. రాసి, అడ్డగీత లాగి, కళ్ళు మూసుకుని ఆగేదాన్ని, ఇదే అని అరచెయ్యి చెబుతుందేమోనని. మనసు మరిచిపోయినా చర్మం మరిచిపోదని నాకు నమ్మకం. చెయ్యి ఏమీ చెప్పేది కాదు. అరచేతికి గుర్తున్నవి నిలువు కర్రలు, నేను రాసేవన్నీ సున్నాలూ వంపులూ. నేనే సరిగా రాయడం లేదనుకున్నాను. ఒకరోజు భ్రమరాంబగారిని అడిగాను, నిలువుగా కర్రలా దిగే అక్షరం ఏదండీ అని. "తెలుగులో కర్రలెక్కడివే దాలమ్మా, అన్నీ జంతికలే," అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వి ఇంటికి పోయి ఇంకో ఇరవై పేర్లు రాసుకున్నాను. అంత తెలివి నాది.

కిందటేడు వానాకాలం, గాలికి వరండా మీది ఇనపరేకు ఎగిరి వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను. మోచేతికి కాస్త కింద తెగింది. రక్తం కంటే ముందు తెలిసింది ఒక్కటే, అరచెయ్యి వెళ్ళిపోయిందని. ఉన్నట్టే ఉంది, వెళ్ళిపోయింది. లోపల ఒక నరం రెండు ముక్కలయిందని డాక్టరు చెప్పాడు, కుట్టాడు. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ, అరచెయ్యి ముప్పాతికా మొద్దు. వేడిగిన్నె పట్టుకుని చర్మం కాలిందాకా తెలియలేదు. అందరూ దానికి జాలిపడ్డారు. వంటకి ఎడమచెయ్యి అలవాటయింది, జడకి అలవాటయింది. నేను పోగొట్టుకున్నది వంట చేసే చెయ్యి కాదు. ఆ మాట ఎవరితో అనను.

కుట్టిన నరం చెట్టువేరులాగ పాకుతుందట, కుట్టు దగ్గర మొదలై కిందికి. పడుచువాళ్ళకి రోజుకో మిల్లీమీటరు, నా వయసుకి అందులో సగం. అంటే రోజుకి గోరు మందం. ఒక్కోసారి దారి తప్పి కుట్టు దగ్గరే ముడిపడిపోతుంది, ఇక రాదు. పది నెలలయింది. వచ్చిందా, రాలేదా, ఎక్కడిదాకా వచ్చింది, అది తెలుసుకోవడానికే ఈ గంట. ఈ తీగలు చర్మానికి చర్మంలాగే అంటుకుంటాయి కాబట్టి లోపల నరం గుసగుసలాడినా వినపడుతుందని రాజశ్రీ ధైర్యం చెప్పింది. వినపడకపోతే ఏమిటని అడిగాను. వినపడకపోతే పెద్ద డాక్టరుగారు ఇక వదిలేయమంటారని, నా మొహం చూడకుండా చెప్పింది.

"లే దాయీ, తోర్ గోదనా హోగే."

ఉమేష్. ఇక్కడి టెక్నీషియను, అభన్‌పూర్ మనిషి, మీసాలు నెరిశాయి, నన్ను మాత్రం దాయీ అని అమ్మని పిలిచినట్టు పిలుస్తాడు. పచ్చబొట్టు తయారయిందంటున్నాడు. దీపం ఆర్పారు, గోరువెచ్చటి నీళ్ళు పోసి కడిగారు. వెలుగు తగలని నీళ్ళన్నీ పోయాయి. వెలుగు తగిలినవి నిలబడ్డాయి. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా రెండు సన్నటి గీతలు, అరచేతి మొదట్లో ఒక గుండ్రటి బొట్టు, అన్నీ ముదురు నీలం. మా ఊళ్ళో అప్పలనరసమ్మ పిన్ని చేతి మీది పచ్చబొట్టు అచ్చం ఇదే రంగు. ఉమేష్ వాళ్ళమ్మకి మెడ నుంచి మడమల దాకా ఉండేదట. బంగారం కోడళ్ళు పంచుకుంటారు, గోదనా ఒక్కటే మనతో పైకొస్తుందనేదట ఆవిడ. మూడు రోజుల్లో రాలిపోయేది నాతో ఎక్కడికొస్తుంది నాయనా అన్నాను. అతను నవ్వుతూ తెల్లటి చీటీ ఒకటి తీసి పక్కనున్న యంత్రం మీద అంటించి, దాని మీద పెన్నుతో నా పేరు రాశాడు. హిందీలో. నేను చూస్తున్నాను. ఒక వంపు, పక్కన నిలువుగా ఒక కర్ర. ఇంకో వంపు, ఇంకో కర్ర. విడివిడిగా, ఇల్లు లేని మనుషుల్లా నిలబడ్డాయి అక్షరాలు. అప్పుడతను ఎడమవైపు పెన్ను ఆనించి, కుడివైపు దాకా ఒక్క గీత లాగేశాడు.

"మేరా నామ్ క్యోఁ కాట్ దియా, భయ్యా?" అన్నాను.

నా పేరెందుకు కొట్టేశావని. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఉమేష్ తెల్లబోయి చీటీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కాటే నై హవ్, దాయీ," అన్నాడు, కొట్టెయ్యలేదని. రాజశ్రీ ఆ నీలం గీతలకి యంత్రం క్లిప్పులు తగిలిస్తూ, తల ఎత్తకుండానే అంది. "కొట్టెయ్యడం కాదు అమ్మమ్మా. హిందీలో అంతే. అక్షరాలన్నీ రాసేసి ఆఖర్న పైన గీత గీస్తారు. ఆ గీత పడితేనే మాట పూరా అయినట్టు."

నలభై ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. దుకాణాల మీద, బస్సుల మీద, స్టేషను గోడల మీద ఆ గీత చూస్తూనే ఉన్నాను, గీత కింద బట్టలారేసినట్టు అక్షరాలు. దండెం ముందు కట్టి బట్టలు తర్వాత ఆరేస్తాం కదా, అలాగే గీత ముందు గీసుకుని అక్షరాలు వేలాడదీస్తారనుకున్నాను. తప్పని తెలిసే దారి కూడా లేదు, హిందీ రాసే చెయ్యిని నేనెప్పుడూ చూడలేదు, రాసేసినవే చూశాను. రాసే చెయ్యి నాకు తెలిసినది ఒక్కటే, అది కంటితో చూసేది కాదు. ఆయన ఇక్కడ పుట్టాడు. ఇక్కడ హిందీ బడిలో నాలుగో క్లాసు దాకా చదివాడు. తెలుగు అక్షరం ఆయనకి ఒక్కటీ రాదు. మా నాన్న ఉత్తరం పట్టుకుని బుకింగ్ క్లర్కు దగ్గరికి పోయింది కళ్ళు అలిసి కాదు. చదవడం రాని పెళ్ళానికి, చదవలేని మొగుడు. ఆ సంగతి నాకు చెప్పలేక ముప్ఫై ఒక్క సంవత్సరాలు, వచ్చిన అక్షరాల్లోనే నాకు రాసి, మాట పూర్తి చేసి లేచిపోయేవాడు. నేనేమో ముడుచుకోబోయేదాన్ని. ఆయన విప్పి గీత గీసేవాడు, మాట సగంలో ఆగిపోకూడదని. మనిషి బతికుండగా ఒక్కసారి, ఒక్కసారి అడిగి ఉంటే. ఎందుకు కొట్టేస్తావు అని అడిగితే ఆయన ఈ ఉమేష్ లాగే తెల్లబోయి చూసేవాడు, ఆ చూపు ఎలా ఉండేదో కూడా నాకు తెలుసు, కనుబొమలు రెండూ పైకి పోయేవి, తర్వాత నవ్వేవాడు. ఆ నవ్వు నాకు రావలసింది. రాలేదు.

భ్రమరాంబగారి దగ్గర నేర్చుకున్న యాభయ్యారు అక్షరాలతో రెండేళ్ళపాటు వేరే ఊరి తాళం తెరవాలని చూశాను. సుభద్ర, త్రివేణి, ఎంతమంది ఆడపిల్లలు, పాపం. ఇప్పుడు ఏ అక్షరాలో తెలిసింది, ఇప్పుడు అరచెయ్యి లేదు. ఏం రాసి ఉంటాడు. పాప పేరేనా. లేక ఇప్పుడే ఉమేష్ రాసింది, నా పేరా. ఈ ఊళ్ళో నా పేరుకి అందరూ నవ్వేవారు, దాల్ అంటే వీళ్ళకి పప్పు, కాలనీలో హిందీవాళ్ళ ఆడవాళ్ళు పప్పమ్మా అని పిలిచేవారు, అలా పిలిచినప్పుడు ఆయనొక్కడే నవ్వేవాడు కాదు. ఏమో, రేపు టీలో అల్లం వెయ్యమని కూడా అయి ఉండొచ్చు. అదైనా సరే. అల్లం అయినా సరే నాకు కావాలి. కొట్టెయ్యలేదు, అంతవరకు తెలిసింది. అది ఏ మాటయినా, ప్రతి పొద్దునా నా చేతిలో నిలబెట్టే వెళ్ళాడు. దాన్ని చేతిలో పెట్టుకునే ఇన్నేళ్ళు గిన్నెలు తోమాను. ఇదంతా పైకే అనేస్తున్నానని, ఏడుస్తున్నానని రాజశ్రీ నా కళ్ళు తుడిచినప్పుడు గాని తెలియలేదు.

"కళ్ళు మూసుకోండి అమ్మమ్మా. అరచేతి మొదట్లో చిన్న కరెంటు ఇస్తాను. చీమ కుట్టినట్టు ఉండొచ్చు, ఏమీ ఉండకపోవచ్చు. తెలిస్తే చెప్పండి, ఝూఠ్ చెప్పకండి."

కళ్ళు మూసుకున్నాను. యంత్రం సన్నగా కూస్తోంది, ఈగలాగ. రా, అన్నాను లోపల, ఆ నరాన్ని. రోజుకి గోరు మందం నడిచినదానివి, మూడు వందల రోజులు చీకట్లో నడిచినదానివి, ఎక్కడున్నావు. అరచేతి నడుమ ఏదో కదిలినట్టయింది. నిలువుగా, నాడి కొట్టే వైపుకి, గోరు కాస్త లోపలికి దిగినట్టు.

"తెలిసింది," అన్నాను. "తెలిసింది రాజశ్రీ, మధ్యలో."

ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వేసింది. "నేనింకా ఏమీ ఇవ్వలేదు అమ్మమ్మా," అంది.

కళ్ళు తెరవలేదు. సిగ్గుపడ్డాను. ఆబపడినవాడికి ఆకులో లేని కూర కనపడుతుంది. ఇంక ఏమైనా సరే నోరు తెరవకూడదనుకున్నాను, నిజంగా తెలిసినా తెరవకూడదు, నా నోరు నాకే నమ్మకం లేకుండా పోయింది. పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ ఉన్నాను, చేతి గురించి ఆలోచించకుండా ఉండడానికి. ఇరవై దాకా వచ్చాను. ముప్ఫై. ఏమీ లేదు. మణికట్టు దగ్గర ఆగిపోయిన రోడ్డు అలాగే ఉంది, అవతల చీకటి. అయిపోయింది అనుకున్నాను. వదిలేయమంటారు. వదిలేస్తాను. కొట్టెయ్యలేదన్న మాట తీసుకుని ఇంటికి పోతాను, అది చిన్నదా ఏమిటి, ఈ పొద్దున బయల్దేరినప్పుడు అది కూడా లేదు నాకు. నలభై. నలభై అయిదు.

"దాయీ," అన్నాడు ఉమేష్ నెమ్మదిగా.

కళ్ళు తెరిచాను. యంత్రం తెర మీద ఆకుపచ్చ గీత నడుస్తోంది, తిన్నగా, బల్లపరుపుగా. రాజశ్రీ ఒక మీట నొక్కింది. గీత చిన్నగా, చీరకుచ్చిలి ఎత్తినంత, పైకి లేచి పడింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ లేచింది. మళ్ళీ. నాకేమీ తెలియడం లేదు. నా చెయ్యి అక్కడ ఉంది, దాని మీద నీలం బొట్టు ఉంది, రాజశ్రీ నొక్కినప్పుడల్లా అది జవాబు చెబుతోంది, నాతో చెప్పకుండా.

"వచ్చింది అమ్మమ్మా. అరచేతి మొదటిదాకా వచ్చేసింది. మీకు తెలియడానికి టైమ్ పడుతుంది, కానీ నరం జిందా ఉంది," అంది రాజశ్రీ. ఆ పిల్ల కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుని చాలా పనున్నట్టు కాగితాల మీద ఏదో రాసుకుంది. అక్కణ్ణుంచి నడిమికి ఎంత దూరమని అడిగాను. చిన్న స్కేలు పెట్టి కొలిచింది. అయిదు సెంటీమీటర్లు. వంద రోజులు, దారి తప్పకపోతే. వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం దాటి.

ఉమేష్ అప్పటికే ఒక తెల్లకాగితం నా ముందు పెట్టాడు. ఇందాక నేను రాజశ్రీకి ఏడుస్తూ ఏమేం చెప్పానో, ఎంత చెప్పానో నాకు తెలియదు, అతను విన్నట్టున్నాడు. హిందీ అక్షరాలు పెద్ద కష్టం కాదు దాయీ, అంతా కలిపి అయిదు పదులే, రోజుకొకటి నేర్పుతాను, అప్పటికి వచ్చేస్తాయన్నాడు. పెన్ను మూత తీసి మొదటి అక్షరం మొదలుపెట్టాడు. ఒక వంపు, కింద ఇంకో వంపు. నేను ఎడమచెయ్యి చాపి కాగితం మీద పెట్టేశాను, అక్షరం కనపడకుండా.

ఎందుకు అన్నట్టు చూశారిద్దరూ. రెండేళ్ళు నేను చేసిన తప్పు అదే. మాట ముందు తెలుసుకుని, తర్వాత చేతిలో రాసుకుని, ఇదేనా అని చేతిని అడిగాను. తెలిసిన మాట అడిగితే చెయ్యి ఏం చెబుతుంది, ఆశ ఏం చెప్పమంటే అది చెబుతుంది, ఇందాక చెప్పినట్టు. నా కంటికి ముందు తెలిసిపోతే ఆ మాట ఆయన రాసింది కాదు, నేను పెట్టుకున్నదవుతుంది. కన్ను నేర్చుకోకూడదు. చెయ్యి నేర్చుకోవాలి, కళ్ళు మూసుకుని, ఇంకొకరి వేలితో, మొదటి నుంచి.

"ఇప్పుడు వద్దు, బాబూ," అన్నాను. "కాగితం మీద అసలొద్దు."

"మరి ఎప్పుడు అమ్మమ్మా?" అంది రాజశ్రీ.

"నరం నడిమికి రానీ," అన్నాను.